ఎమ్మిగనూరు రాతిగదిలో ఐసుబీరువా

ఎమ్మిగనూరు పశువుల ఆసుపత్రిలో నేను కాంపౌండరుగా చేరిన ఏడాదే అక్కడికి కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్ వచ్చింది. కొత్తగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊళ్ళో కరెంటు కొన్ని వీధులకే ఉండేది. మా ఆసుపత్రి ఊరి చివర, ఆ వీధులకు దూరంగా ఉండేది. ఫ్రిజ్‌ను ఆదోని స్టేషన్‌లో రైల్లోంచి దించి, ఎద్దులబండిలో జొన్నచొప్ప మందంగా పరిచి, దారంతా నడక మీదే తీసుకొచ్చారు. తెల్లరంగు వేసిన ఇనప బీరువాలా ఉన్న దాన్ని చూడటానికి వీధి వీధంతా వచ్చింది. కింద దీపం వెలిగిస్తే పైన నీళ్ళు గడ్డకడతాయని డాక్టరుగారు చెబితే ఒక్కరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. కానీ దాన్ని చూసుకునే పని నాదేనని అప్పటికే చెప్పేశారు కాబట్టి, అంతా తెలిసినవాడిలా ముఖం పెట్టుకుని నిలబడ్డాను. జనం దానికి ఐసుబీరువా అని పేరు పెట్టారు.

మా డాక్టరుగారు కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మనిషి. నలభై దాటిన వయసు, సన్నటి ఒళ్ళు, తక్కువ మాట. ఏదైనా ఒక్కసారే చెబుతారు, ఎందుకో చెప్పరు. ఫ్రిజ్‌ను మందుల గదిలో కిటికీ పక్కన పెట్టించి, నేల మీద మోకాళ్ళూని కూర్చుని, దాని కాళ్ళ కింద పలచటి నాపరాయి ముక్కలు తన చేత్తోనే దూర్చారు. లేచి చేతులు దులుపుకున్నారు.

"మంట నీలంగా ఉండాలి. పచ్చబడితే మసి పడుతుంది. వారానికోసారి వత్తి కత్తిరించు, పొగగొట్టం తుడువు. ఇక్కణ్ణుంచి దీన్ని కదపకు."

"అట్లే సార్" అన్నాను.

కదపొద్దన్నది అది బరువైన వస్తువనీ, ఎవరి మీదనైనా పడుతుందనీ అనుకున్నాను.

అది వచ్చింది ముసర రోగం టీకా కోసం. ఆ రోగాన్ని మా వైపు దొడ్డరోగం అంటారు. నేను గోనెగండ్లలో కూలివాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి. మా నాయన ఒక పెద్దరైతు దగ్గర ఎద్దులు చూసుకునేవాడు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఆ రోగం మా ఊరికొచ్చింది. పశువుల కళ్ళల్లో ముక్కుల్లో చీము కారింది, నోట్లో పుండ్లు లేచాయి, కడుపులు జారిపోయాయి. వారం తిరిగేసరికి కొట్టాలు ఖాళీ అయ్యాయి. రైతు ఎద్దులు రెండూ పోయిన రోజు మా నాయన ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా అమ్మ సంగటి తెచ్చి ముందర పెడితే, "ఇంగ నాకు పనేముండాది?" అన్నాడు. ఆ ముద్ద అట్లాగే ఎండిపోవడం నాకు బాగా గుర్తు. అందుకే, చిటికెడు టీకా పొడి ఉన్న గాజుగొట్టాల్ని మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఒక్కొక్కటీ లెక్కపెట్టి గానీ కింద పెట్టలేదు. ఆ పొడిని చల్లటి ఉప్పునీళ్ళలో కలిపి ఎద్దు మెడ దగ్గర సూదేస్తే దానికింక ఆ రోగం రాదు. కానీ పొడి చల్లగా ఉండాలి. వెచ్చబడితే చచ్చిపోతుంది. చచ్చిన మందు, బతికిన మందు చూపుకు ఒక్కటిగానే ఉంటాయి. నన్ను భయపెట్టింది అదే.

ఎండాకాలం ఎట్లాగో గడిచింది. బయట రాళ్ళు పేలుతున్నా లోపల ఐసు కట్టింది. వానాకాలమూ గడిచింది. మార్గశిరం వచ్చాక నాకు కొత్త దిగులు పట్టుకుంది.

ఫ్రిజ్‌తో పాటు ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వచ్చింది. ఏదో మంచుదేశంలో అచ్చయినది. నాకు బడిలో నేర్చిన ఇంగ్లీషు తప్ప వేరే రాదు. డాక్టరుగారి నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకొక పేజీ చొప్పున కూడబలుక్కుని చదివేవాణ్ణి. అందులో ఒకచోట, చలికాలంలో వెచ్చదనం లేని గదిలో పెడితే ఇది సరిగా పనిచేయకపోవచ్చు అని ఉంది. ఒక్కొక్క మాటకూ అర్థం వెతికి, మళ్ళీ మళ్ళీ చదివాను. మా మందుల గది గోడలు రాతివి, కప్పు రాతిబండలది, నేల నాపరాళ్ళది. ఉత్తరం వైపు తలుపులు లేని కిటికీ, ఇనప ఊచలు మాత్రమే. తెల్లవారుజామున అందులోకి అడుగుపెడితే కాళ్ళు జివ్వుమనేవి. వెచ్చదనం లేని గది అంటే ఇంతకంటే ఏముంటుంది అనుకున్నాను. ఆ పుస్తకం రాసినవాళ్ళ చలి వేరు, ఎమ్మిగనూరు చలి వేరు అన్న ఆలోచనే రాలేదు.

అప్పటికి నాకు పెళ్ళయి ఆరు నెలలు. నా భార్య ఆదోని పిల్ల. వాళ్ళ నాయన అక్కడ జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. ఆసుపత్రి వెనకే మాకొక చిన్న ఇల్లు. ఒక పొద్దున నేను మా కుంపటిలో నిప్పులు వేసుకుని మందుల గదిలోకి పోతుంటే ఆమె అడ్డం వచ్చింది.

"యాడికి కుంపటి?"

"గది సల్లగుండాది. పెట్టెకు బాగలేదంట, పుస్తకంలో రాసినారు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "సల్లగుండాల్సిన పెట్టెకు సలి పెడతాందని కుంపటి పెట్టే మనిషిని నిన్నే సూస్తాండా."

నాకు కోపమొచ్చింది. కుంపటి పెట్టాను కూడా. గాలికి బూడిద లేచి ఫ్రిజ్ బర్నరు మీద పడింది, మంట పచ్చబడింది. అరపూట కూర్చుని అంతా తుడవాల్సి వచ్చింది. ఆమెతో ఆ మాట చెప్పలేదు. చేతుల మసి చూసి ఆమే తెలుసుకుంది.

పుష్యమాసంలో ఎమ్మిగనూరులో జాతర జరుగుతుంది. నాలుగు దిక్కుల నుంచీ ఎద్దులు అమ్మకానికి వస్తాయి. ఒక్క రోగిష్టి ఎద్దు వచ్చినా చాలు, తిరిగి పోయేటప్పుడు అన్ని ఊళ్ళకూ రోగం పోతుంది. అందుకని జాతరకు ముందే చుట్టుపక్కల ఊళ్ళన్నిటా టీకా వేయాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. మద్రాసు వైపు నుంచి రైల్లో మందు వచ్చింది. రంపపు పొట్టులో ఐసు, ఐసులో డబ్బాలు, డబ్బాల్లో గాజుగొట్టాలు. నేనే ఆదోనికి పోయి తెచ్చి, ఫ్రిజ్ పై భాగంలో ఐసు కట్టే అరలో సర్దాను.

డాక్టరుగారు కోసిగి వైపు వారం రోజుల క్యాంపుకు బయలుదేరుతూ గదిలోకి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి చూశారు.

"నేను రాగానే మొదలుపెడదాం. రెండు వారాల్లో ఊళ్ళన్నీ తిరగాలి. ఈ మందు పాడైతే ఇప్పట్లో మళ్ళీ రాదు. తెలుసుగా?"

"తెలుసు సార్."

ఆయన పోయిన మరునాడే ఉత్తరపు గాలి లేచింది. పొద్దున లేచి చూస్తే ఫ్రిజ్ దీపం ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆరిందో తెలియదు. అదృష్టవశాత్తు ఐసు ఇంకా గట్టిగానే ఉంది. దీపం వెలిగించాను. కిటికీకి గోనెపట్ట కట్టాను. గాలి ఆగింది కానీ గది మూసుకుపోయి, కిరసనాయిలు కంపు నిండి, మంట అంచులు పచ్చబడ్డాయి. పట్ట తీస్తే మంట అల్లాడుతుంది. కడితే మసి. ఆ రోజంతా కట్టడం, తీయడం. సాయంత్రానికి నాకొక ఉపాయం తోచింది. కిటికీకి ఎదురుగా ఉన్న మూల గాలి తగలదు. అక్కడైతే చలి కూడా కాస్త తక్కువ. ఫ్రిజ్‌ను అక్కడికి జరిపితే సరి.

నా భార్యను పిలిచాను.

"డాక్టరుగారు కదపొద్దన్నాడు కదా?" అంది.

"పడిపోతాదని అన్నాడు. నిమ్మళంగా జరిపితే ఏం కాదు."

దీపం ఆర్పి, కిందకు గోనెసంచి తోసి, ఇద్దరం కలిసి అంగుళం అంగుళం లాగాము. మూలకు చేర్చి, దీపం వెలిగించాను. మంట నీలంగా, కొలిచి గీసినట్టు నిలబడింది. ఒక్క కదలిక లేదు. ఆ మంటను చూసి నాకెంత సంతోషం వేసిందంటే, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మరుసటి రోజు రెండుసార్లు పోయి మంట మాత్రమే చూశాను. ఊరికే తలుపు తీస్తే చల్లదనం పోతుందని తీయలేదు.

ఆ మరునాడు పొద్దున తలుపు తీశాను. ఐసు కట్టే రేకుపళ్ళెంలో నీళ్ళున్నాయి.

వేలు పెట్టి చూశాను. బావినీళ్ళంత చల్లగా ఉన్నాయి, అంతే. మందు డబ్బాల మీద నీటిబొట్లు. వెనక గోడకు ఆనుకుని ఉన్న డబ్బాలు కాస్త చల్లగా, తలుపు వైపున్నవి ఏ చల్లదనమూ లేకుండా తగిలాయి. మంట మాత్రం నీలంగా, అందంగా మండుతూనే ఉంది.  తలుపు మూసి, దానికే ఆనుకుని నేల మీద కూర్చున్నాను. ఎన్ని గంటలుగా ఇట్లా ఉందో తెలియదు. నేను సంతోషంగా ముద్దలు మింగుతున్నప్పుడే లోపల కరగడం మొదలై ఉంటుంది.

నన్ను వెతుక్కుంటూ నా భార్య వచ్చింది. చెప్పాను. ఈసారి ఆమె నవ్వలేదు.

"ఇప్పుడేం సేస్తాం?"

"నాకేం తెలుసు? డాక్టరుగారు యాడుండాడో తెల్దు. కోసిగి పక్క ఏ పల్లెలో ఉండాడో."

ఆమె నా రెక్క పట్టి లేపింది. "ఆదోనిలో మిల్లు గ్యాసులైట్లు బాగుచేసే సాయిబు ఉండాడు. మా నాయినకు బాగ తెలుసు. వెనక తెల్లోళ్ళ కాలంలో రైలుదొర బంగళాలో పనిచేసినాడంట. ఆ బంగళాలో ఇట్లాంటి పెట్టె ఉండెనని మా నాయిన సెప్తాండె. పో. ఐసు గూడ ఆడే దొరుకుతాది."

"మందు?"

"నేను సూసుకుంటా."

మా ఇంట్లో తాగునీళ్ళ కుండ పక్కన ఖాళీ బాన ఒకటి ఉంది. ఆమె దాంట్లో ఇసుక పోసి, కుండలో నీళ్ళతో తడిపి, నడుమ గుంట చేసి, డబ్బాలు గుడ్డలో చుట్టి దింపింది. పైన తడి గోనె కప్పింది. బానను ఎక్కడ పెట్టిందనుకున్నారు? ఆ ఉత్తరపు కిటికీలో, గాలి నేరుగా తగిలేచోట. రెండు రోజుల కిందట నేను తిట్టుకున్న గాలే అది. దింపే ముందు ఏ డబ్బా వెనక ఉండేదో, ఏది ముందుండేదో బొగ్గుతో గుర్తు పెట్టమని చెప్పి, మొదటి బస్సెక్కాను.

 దారిలో బస్సు రెండుచోట్ల ఆగి ఇంజనుకు నీళ్ళు పోసుకుంది. ఆ నీళ్ళ చప్పుడు వింటే రేకుపళ్ళెంలో నీళ్ళే కనిపించాయి. మా మామ మిల్లు గేటు దగ్గరకొచ్చి నా ముఖం చూసి, "ఏమప్పా, పిల్లకేమన్నా అయిందా?" అని కంగారుపడ్డాడు. కాదన్నాక, నన్ను బజారులో ఒక ఇరుకు దుకాణానికి తీసుకుపోయాడు.

సాయిబుకు యాభై ఏళ్ళుంటాయి. చుట్టూ గ్యాసులైట్లు, స్టవ్వులు, పంపులు. నేను చెప్పిందంతా తల వంచుకుని పనిచేస్తూనే విన్నాడు. ఆఖరుకు ఒక్కటే అడిగాడు.

"పెట్టెను కదిపినావా?"

నేను మామ వైపు చూశాను.

"అరె, సెప్పప్పా. కదిపినావా లేదా?"

"కదిపినా అన్నా. గాలి కొడతాందని మూలకు జరిపినా."

ఆయన చేతిలో పని పక్కన పెట్టి, చొక్కా తొడుక్కున్నాడు. "పద. ముందు ఐసు తీసుకుందాం."

ఐసు దిమ్మెను శనక్కాయ పొట్టులో పొదిగి, మూడు గోనెసంచుల్లో ఒకదాని లోపల ఒకటి పెట్టి కట్టించాడు. మధ్యాహ్నం బస్సులో వెనక్కి వచ్చాం. సంచి నా కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. దాన్నుంచి కారిన నీళ్ళు నా పంచెను తడుపుతుంటే, ఎంత కరిగిందో లెక్కవేసుకుంటూ కూర్చున్నాను. సాయిబు మాత్రం హాయిగా నిద్రపోయాడు.

ఎమ్మిగనూరులో దిగేసరికి పొద్దు వాలుతోంది. ముందు మందు డబ్బాలు ఐసులోకి మార్చాం. బానలో ఇసుక చల్లగానే ఉంది. నా భార్య పొద్దుటి నుంచీ గోనె మీద నీళ్ళు చల్లుతూనే ఉందట. ఆమె వేళ్ళు నాని ముడతలు పడ్డాయి.

సాయిబు మందుల గదిలోకి వచ్చి, మంట చూడలేదు, తలుపు తీయలేదు. ఒక తట్టలో, అంటే సత్తుపళ్ళెంలో, నీళ్ళు తెమ్మన్నాడు. తట్టను ఫ్రిజ్ నెత్తిన పెట్టాడు. నీళ్ళు ఒక పక్క అంచు దాకా వచ్చాయి, ఇంకో పక్క తట్ట అడుగు కనిపించింది.

"సూడు" అన్నాడు.

అప్పుడు నేలకేసి చూశాను. ఆ గదిలో ఎప్పుడో సామాన్లు కడిగేవాళ్ళు. నీళ్ళు పోవడానికి ఆ మూల తూము ఉంది. నేల అటే వాలుగా ఉంది. నేను రోజూ తిరిగే నేలే అది, ఎప్పుడూ గమనించలేదు. డాక్టరుగారు కాళ్ళ కింద పెట్టిన నాపరాయి ముక్కలు కిటికీ పక్కన పాత చోటే పడి ఉన్నాయి.

"దీని గొట్టాల్లో సల్లబరిచే మందునీళ్ళు తిరగతా ఉంటాయప్పా. దీపం వేడికి పైకి పోతాయి, సల్లబడి కిందికొస్తాయి. పెట్టె ఒరిగితే యాడివి ఆడ నిలబడిపోతాయి. నువ్వెంత మంట పెట్టినా దండగ."

"సలికి కాదా?"

"సలేందబ్బా? మనూరి సలి దీన్నేం సేస్తాది? దీనికి కావాల్సింది సదునైన నేల, నిమ్మళమైన మంట."

నా భార్య గడప దగ్గర నిలబడి ఉంది. నావైపు చూడకుండా పక్కకు తిరిగింది. ఆ మాత్రం దయ చూపినందుకు ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

తర్వాత సాయిబు చేసింది చూసి నా గుండె ఆగినంత పనైంది. దీపం, నూనె తొట్టి ఊడదీసి, అరలన్నీ బయటపెట్టి, మా ఇంటి పరుపు నేల మీద వేయించి, పక్కింటి మగాళ్ళిద్దర్ని పిలిచి, ఫ్రిజ్‌ను తలకిందులుగా నిలబెట్టాడు. సర్కారు వస్తువు, ఊరంతా వచ్చి చూసిన వస్తువు, కాళ్ళు పైకి పెట్టుకుని నిలబడింది. లోపల గొట్టాల్లో ఏదో బుడబుడమని జారింది. ఆ చప్పుడు విని సాయిబు తలూపాడు.

"అదే. ఆ ముడి ఇడిపోయింది. రేపు మధ్యాన్నం దాకా ఇట్లే ఉండనీ. ఆనెక నిలబెట్టి, ఒక పూట దీపం పెట్టొద్దు. ఆ మీదట వెలిగిద్దాం."

డాక్టరుగారు ముందే తిరిగొచ్చి ఇది చూస్తే ఏమని చెప్పాలి? నేను ఆ ఒక్క ఆలోచనతోనే గదిలో కూర్చున్నాను. మరునాడు సాయిబు ఫ్రిజ్‌ను పాత చోటనే, నాపరాయి ముక్కల మీద నిలబెట్టాడు. నాలుగు వైపులా తట్టలో నీళ్ళు సమంగా నిలిచేదాకా ముక్కలు జరుపుతూనే ఉన్నాడు. గాలికి అడ్డంగా దీపం ముందర రేకు ఒకటి వంచి పెట్టాడు. నేను రోజంతా గోనెపట్టతో తిప్పలు పడ్డ గాలికి ఆ అరచేతి రేకు చాలింది. దీపం వెలిగించిన మూడో పూటకు పళ్ళెం అంచున పలచగా, అద్దంలా ఐసు పొర కట్టింది. దాన్ని గోటితో తట్టి చూశాను. గట్టిగా ఉంది. కరగక మిగిలిన ఐసులోంచి మందు డబ్బాలు తీసి మళ్ళీ లోపల సర్దాను. సాయిబు అప్పటికే మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.

ఫ్రిజ్ బాగుపడింది. మందు సంగతి ఏమిటి? అది తెలియదు. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు కూడా. ఆ ఆలోచన నాకు రాలేదని అంటే అబద్ధమవుతుంది. రెండు రోజులు అది నాతోనే ఉంది, అన్నం తింటున్నప్పుడు కూడా. డాక్టరుగారు క్యాంపు నుంచి దిగి, సైకిలు ఇంకా గోడకు ఆనించకముందే, అక్కడే నిలబెట్టి మొత్తం చెప్పేశాను. ఇంకో నిమిషం ఆగితే చెప్పలేనని భయం.

ఆయన నన్ను తిట్టలేదు. లోపలికి పోయి ముఖం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"ఏ డబ్బా ఎక్కడుండేదో గుర్తుందా?"

"బొగ్గుతో గుర్తు పెట్టించినా సార్."

"కొత్త మందుకు తంతి కొడతాను. జాతరలోపు రాదు. ఈ మందు బతికుందో లేదో ఎద్దే చెప్పాలి." తంతి రాసే కాగితం ముందుకు లాక్కుని అన్నారు. "టీకా పనిచేస్తే నాలుగైదు రోజులకు పశువుకు జ్వరం వస్తుంది. మందు చచ్చిపోయి ఉంటే ఏమీ రాదు. ఇదివరకు టీకా పడని నాలుగు పశువులు కావాలి. నమ్మి ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నాకు తెలిసినవాడు ఒక్కడే. మా నాయన పనిచేసిన గోనెగండ్ల రైతు.

ఇద్దరం సైకిళ్ళ మీద పోయాం. రైతు వాకిట్లో మంచం వాల్చాడు. డాక్టరుగారికి మంచం, నాకు నేల. ఎప్పటిలాగే. డాక్టరుగారు విషయమంతా దాచకుండా చెప్పారు. రైతు నావైపు తిరిగి, "మీ నాయిన నా ఎద్దుల్ని బిడ్డల మాదిరి సూసినోడు. నువ్వు పొడుస్తానంటే వద్దనను. పొడువు" అన్నాడు. రెండు సేద్యపుటెద్దులకు ముందు వైపు డబ్బా మందు, రెండు కోడెలకు వెనక వైపు డబ్బా మందు వేశాను.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే థర్మామీటరు జేబులో పెట్టుకుని గోనెగండ్లకు సైకిలు తొక్కాను. రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు ఏమీ లేదు. నాలుగో రోజు పొద్దున నాలుగూ హాయిగా నెమరు వేస్తూ కనిపించాయి. పశువు ఆరోగ్యంగా ఉండటం చూసి అంత దిగులుపడ్డవాడు ఆ తాలూకాలో ఇంకొకడు ఉండడు. థర్మామీటరులో నూటొకటి, నూటొకటిన్నర. అది పశువుకు మామూలే. తిరిగొచ్చి డాక్టరుగారికి చెబితే, "రేపు చూడు" అన్నారు. ఆయన గొంతులో కూడా నమ్మకం లేదు.

ఐదో రోజు నేను ఊరి పొలిమేరకు చేరేసరికే రైతు ఎదురొచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది.

"ఏం సూది పొడిచినావురా? కోడెలు మేత ముట్టలే! తల ఏలాడేసుకోని నిలబడినాయి. నీళ్ళు గూడ తాగలే!"

సైకిలు అక్కడే పడేసి కొట్టంలోకి పరుగెత్తాను. మొదటి కోడెకు పెట్టిన థర్మామీటరు నూటనాలుగు దాటింది. కొట్టంలో మసకకు సరిగా చదవలేక, వెలుతురులోకి తెచ్చి మళ్ళీ చూశాను. రెండో కోడెకు నూటనాలుగున్నర. నేను ఆ కోడె మెడ పట్టుకుని ఏడ్చేశాను. రైతు బెదిరిపోయాడు.

"ఏమైందిరా? సస్తాయా?"

"లే అయ్యా. జెరం వచ్చింది. మందు బతికుండాది. రెండు దినాల్లో జెరం పోతాది, ఇంగ వీటికి ఆ రోగం రాదు."

"జెరమొస్తే ఏడుస్తావు, నవ్వుతావు. నీకేమన్నా తల తిరిగిందా?" అన్నాడు. కానీ ఆయన కోపం అప్పటికే దిగిపోయింది.

సేద్యపుటెద్దులకు మాత్రం జ్వరం రాలేదు. ఆరో రోజూ, ఏడో రోజూ రాలేదు. అంటే తలుపు వైపున్న డబ్బాల మందు చచ్చిపోయింది. డాక్టరుగారు ఆ డబ్బాలన్నీ ఆసుపత్రి వెనక గొయ్యి తీయించి పూడ్పించారు. గొయ్యి తీసింది నేనే. మిగతా మందుతో, రైతు ఎద్దులకు మళ్ళీ వేసి, ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాం. పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి ఐసు కొట్టుకుని ఫ్లాస్కులో వేసుకుని పోయి, అది కరిగేలోపు తిరిగొచ్చేవాళ్ళం. జాతర నాటికి మందు అయిపోయింది. ఇంకా కొన్ని పల్లెలు మిగిలిపోయాయి. జాతర జరిగింది. ఎద్దులు వచ్చాయి, పోయాయి. నేను ఆ నాలుగు రోజులూ ప్రతి ఎద్దు ముక్కూ కళ్ళూ చూస్తూ గుంపుల్లో తిరిగాను. ఎక్కడా రోగం కనిపించలేదు.

తర్వాతి ఎండాకాలం చివర్లో, నందవరం అవతల ఏటి ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లెలో ముసర రోగం పడింది. మా మందు అందక మిగిలిపోయిన పల్లెల్లో అదొకటి. కబురు తెలిసి మేము కొత్త మందు తీసుకుని పోయేసరికి పది ఇళ్ళ కొట్టాలకు రోగం పాకింది. చుట్టూ ఉన్న పశువులకు సూదులు వేశాం. అంతకంటే దాటనివ్వలేదు. కానీ పట్టిన వాటిని ఆపలేకపోయాం. మందు ఎందుకు చాల్లేదో చెబుతూ డాక్టరుగారు తన నివేదికలో నేల వాలు గురించి రాశారు. నా పేరు రాయలేదు. 

ఆ పల్లెలో ఒక ముసలామెకు ఒక్కటే ఆవు. పాలమ్ముకుని బతికేది. మేము పోయిన రోజే అది పోయింది. దాన్ని పూడ్చడానికి సున్నం చల్లుతుంటే ఆమె నా పక్కకొచ్చి నిలబడింది. ఏడవలేదు. గట్టిగా కూడా అడగలేదు.

"జాతరకు ముందర పక్కూరికి సూదులేసినారంట. మా ఊరికి యాల రాలేదప్పా?"

నేను సున్నం బుట్ట కింద పెట్టాను.

"మందు సాల్లేదు అవ్వా" అన్నాను.

ఆమె తలూపింది. ఆ జవాబు ఆమెకు సరిపోయింది. కొంగుతో చేతులు తుడుచుకుని, ఆవు మెడలో గంట విప్పించుకోవడానికి గొయ్యి వైపు నడిచింది.